పగటిపూట బొచ్చు సంచి

మొన్న ఈ ఎడారి దేశంలోనే, లుసైల్‌ నగరంలో ఒక హోటల్ ముందు, మిట్టమధ్యాహ్నం, కిల్ట్ కట్టిన తెల్లాయన కనిపించాడు. ఆ గళ్ళ లంగా మీద ముందువైపు వేలాడే సంచిని స్పోరన్ అంటారు. ఆయనది బొచ్చు స్పోరన్. ఎవరూ నవ్వలేదు. నాకు ఒళ్ళు మండింది.

ఇక్కడే అల్ ఖోర్‌ ఊళ్ళో, నా ఐదో తరగతిలో, బడి వార్షికోత్సవానికి మా బ్యాండు పిల్లలకి కిల్టులు ఇచ్చారు. స్పోరన్ మాత్రం ఇంట్లో చేయించుకోవాలి. ఎంత మెరిస్తే అంత గొప్పనుకున్నాను. అమ్మ తన చలికోటు కాలర్ కత్తిరించి తెల్లటి బొచ్చు సంచి కుట్టి, వెండిరంగు గొలుసు తగిలించింది. అదంతా కలరా ఉండల వాసన.

పొద్దున కవాతుకి ముందు బ్యాండు మేడమ్ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుంది.

"ఏంటే ఇది, చచ్చిన పిల్లిలా ఉంది? పగలు తోలు సంచి, సాయంత్రం విందుకి బొచ్చు సంచి. మీ ఇంట్లో ఎవరికీ తెలీదా?"

పిల్లలంతా మ్యావ్‌మన్నారు. మేడమ్ నన్ను వరుసలోంచి తీసేసింది.

సాయంత్రం నా వంతు వస్తుందని కిల్ట్ విప్పకుండా కూర్చున్నాను. విందు వేళకి మేడమ్ వచ్చి, నా నడుము నుంచి స్పోరన్ విప్పి, విందు కవాతులో అందరికంటే ముందు నడిచే తన కూతురికి కట్టింది.

"దీనికి ఇప్పుడు కదా టైము!"

పిల్లలందరివీ ఒకే టోపీలు. వెనక వరుసలో కూర్చున్న అమ్మ సంచిని చూసి ఆ పిల్ల నేనే అనుకుంది.

"ముందట నువ్వే నడిచినవ్ గద బిడ్డా! మస్తుగున్నవ్."

"అవునమ్మా," అన్నాను.

మేడమ్ చెప్పిన పద్ధతి సరైనదేనని పెద్దయ్యాక తెలిసింది. అయినా సరే, అమ్మతో నేనాడిన ఆ అబద్ధం పాపం మేడమ్‌దే.