మిగిలిన మూడు స్క్రూలు

బుజ్జులూ, మీ నాన్న ఇవాళ కుట్టుమిషను విప్పారమ్మా. మహా మొనగాడు! బిగించాక మూడు స్క్రూలు మిగిలాయి. ఇవేంటండీ అంటే, "కంపెనీవాడు ఎక్కువేసుంటాడే, నువ్వు తొక్కు" అన్నారు. తొక్కితే చక్రం కదిలితే ఒట్టు.

ఆ నూనె వాసనకి పదేళ్ళ నువ్వు కళ్ళ ముందుకొచ్చావు. ఇది చదివే నా ఈడు వాళ్ళూ, మీ ఇళ్ళలోనూ ఉండేది కదండీ, కాలితో తొక్కే నల్ల మిషను? బుజ్జులూ, మనదాన్ని విప్పేటప్పుడు నువ్వు అరుగు మీద ముగ్గుతో చుక్కలు పెట్టి, ఊడదీసిన వరసలోనే ఒక్కో స్క్రూ ఒక్కో చుక్క మీద పెట్టేదానివి. చివరి చుక్క నుంచి వెనక్కి బిగించేదానివి. మీ నాన్న చెయ్యి పెట్టబోతే, "తమరు కాఫీ తాగండి నాన్నగారూ" అనేదానివి.

పోయినేడు జ్వరంతో వెళ్ళిపోయావు. నాకోసం నువ్వు సగం కుట్టిన జాకెట్టు నీ మిషను మీదే పూర్తిచేయాలని నా ఆశ. అందుకే నేనూ చుక్కలు పెట్టి మళ్ళీ అంతా విప్పాను. సగంలో కళ్ళు నిండి వరస తప్పాను. ఛీ, నేనూ ఆయన బాపతే. ఇనుప ముక్కలన్నీ అరుగు మీదే ఉన్నాయి. పొయ్యి కూడా వెలిగించలేదు.

చదివినవాళ్ళు వేళకి కడుపునిండా తినండి.