మేనమామ లేని పుట్టెంట్రుకలు

అది మొదలైంది శ్రావణమాసం రెండో మంగళవారం, పొద్దున ఆరూ నలభైకి. తిరుపతిలో మా ఇంట్లో పాలు పొయ్యి మీద ఉన్నాయి. న్యూజిలాండ్ నుంచి కూతురు ఫోన్ చేసింది.

"అమ్మా, బిడ్డ కోసం దరఖాస్తు పెట్టేసినాం."

"మంగళవారం పూటా?"

"ఈడ మధ్యాహ్నం అయిపోయిందిమా. మీ అల్లునికి ఈ రోజే సెలవు దొరికింది."

"మధ్యాహ్నమైతే మంగళవారం కాస్తా బుధవారం అయిపోతాదా?"

ఈ మాటల్లో పడి పాలు పొంగిపోయాయి. పొంగితే మంచిదేలే అనుకుని పొయ్యి తుడుచుకున్నాను.

పాల సొసైటీలో ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కలు రాసినదాన్ని. ఏది ఏ రోజు, ఏ గంటకు జరిగిందో నాకు గుర్తుండిపోతాయి. ఎవరైనా నా ముందు తేదీ తప్పు చెబితే ఊరుకోలేను. అందుకే ఈ సంగతి నేనే రాస్తున్నాను. మా బంధువుల్లో దీన్ని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, ఒక్కరికీ వరస సరిగ్గా తెలియదు.

అల్లుడిది పలమనేరు. ఆవుల మధ్య పెరిగినవాడు, న్యూజిలాండ్‌లోనూ ఒక డెయిరీలోనే పని. కూతురు చిన్నపిల్లల బడిలో చేస్తుంది. పెళ్ళయిన పదకొండేళ్ళలో మూడుసార్లు కడుపు నిలవలేదు. మళ్ళీ చూద్దామని డాక్టరు అంటే అల్లుడే వద్దన్నాడు. "నాకు ఈమె ఉండాలత్తా. బిడ్డ యాడినుంచైనా వస్తాది" అన్నాడు నాతో. ఆ ఒక్క మాటకు మా ఇంట్లో ఇప్పటికీ మొదటి కాఫీ అతనిదే.

దత్తతకు దరఖాస్తు పెట్టిన రోజే ఇద్దరూ మొక్కుకున్నారు. బిడ్డ చేతికొస్తే, విమానం ఎక్కేలోపల కొండకు పోయి పుట్టెంట్రుకలు ఇస్తామని.

అక్కడినుంచి కాగితాలే కాగితాలు. జీతం, ఆరోగ్యం, పోలీసులు, పెళ్ళి ఫోటో, అన్నీ అడిగారు. అక్కడి ఆఫీసు నుంచి ఒకామె నాలుగుసార్లు వాళ్ళ ఇంటికి వచ్చి కూర్చుంది. బిడ్డ మాట వినకపోతే ఏం చేస్తారని అడిగిందట. పెద్దయ్యాక కన్నతల్లిని వెతుక్కుంటానంటే ఏం చేస్తారని అడిగిందట. "కారు నేనే నడుపుతా" అన్నాడట అల్లుడు. ఆమె అది రాసుకుందట.

సెప్టెంబరు నడిమికి పెరటాసి నెల, దాని శనివారాలు వచ్చాయి. మా వైపు ఆ నెలలో స్వామికి తళిగ వేస్తాం. అన్నం, పప్పు, వడలు ఆకులో పెట్టి, పిండి దీపం వెలిగించి గోవిందలు కొడతాం. కూతురికి అక్కడ అరిటాకు దొరక్క స్టీలు తట్టలోనే వేసింది. దీపం పొగకు ఇంట్లో అలారం మోగి, పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. వాళ్ళకూ వడలు పెట్టి పంపించిందట. "స్వామికి గట్టిగానే వినిపించింటాదిలే" అన్నాను. అది మొదటి పెరటాసి. రెండోదీ అలాగే గడిచింది. ఫోన్ చేస్తే ఇద్దరిలో ఎవరూ దిగులుగా మాట్లాడేవాళ్ళు కారు. శనివారం ఒంటిపూట ఉండేవాళ్ళు, మిగతా రోజుల్లో వెబ్‌సైట్ చూసేవాళ్ళు. వరసలో వాళ్ళ నంబరు దిగినట్టే దిగి మళ్ళీ నిలబడిపోయేది.

మూడో పెరటాసిలో ఒక గురువారం ఫోటో వచ్చింది. ఆడబిడ్డ, రెండున్నరేళ్ళు. తల నిండా ఉంగరాల జుట్టు. ఎడమ చెవి వినబడదని రాసి ఉంది. ఆలోచించుకోవడానికి గడువు ఇచ్చారు. వీళ్ళు గంటలోపలే ఒప్పుకున్నారు. రెండు దేశాల ముద్రలు పడి, అంత చుట్టు తిరిగి దొరికిన బిడ్డ ఎక్కడుందో తెలుసా? చిత్తూరు వైపు ఒక శిశుగృహంలో. మా ఇంటినుంచి బస్సులో గంటన్నర.

నా కొడుకుది చిత్తూరులో సామాన్ల అంగడి. ఆ ఆదివారమే వచ్చాడు.

"ఎవురి బిడ్డో తెలీదు, కులం తెలీదు. పైగా చెవిటిదంట."

"ఒక చెవే. నీకు రెండూ బాగానే ఉండాయి, ఏం లాభం? చెప్పింది ఒక్కటీ వినవు."

"ఎగతాళి వద్దుమా. పుట్టెంట్రుకలని మొక్కినారంటనే. పుట్టింది ఎవురింట్లోనో, ఎంట్రుకలు మన కొండకా?"

"కొండ మనదని నీకెవరు రాసిచ్చినారప్పా?"

"నేను మాత్రం మేనమామనని ఒళ్ళో పెట్టుకోను. ఇప్పుడే చెప్తా ఉండా."

మా ఇళ్ళల్లో పుట్టెంట్రుకలు తీసేటప్పుడు బిడ్డ మేనమామ ఒడిలోనే కూర్చోవాలి. నా కూతురికి ఉన్నది ఒక్కడే అన్న. వాడు కాదంటే ఆ బిడ్డ మా బిడ్డ కాదని నలుగురిలో చెప్పినట్టే. వాడు ఆ మాట తెలిసే అన్నాడు. నేనూ తెలుసుకునే విన్నాను.

మాఘమాసంలో కలెక్టరు ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. తల్లి పేరు దగ్గర నా కూతురి పేరు, తండ్రి పేరు దగ్గర అల్లుడి పేరు. ప్రభుత్వం ఒప్పుకుంది. ఇద్దరూ దిగి వచ్చి బిడ్డను ఇంటికి తెచ్చారు. అది మొదటి రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. నేను కుడివైపు కూర్చుని మాట్లాడాలని రెండో రోజుకు కనిపెట్టాను. మూడో రోజు "అవ్వా, ఇంగో వడ" అంది. పాస్‌పోర్టు కూడా వచ్చేసింది, ఉంగరాల జుట్టు ఫోటోతో.

వీసా కాగితాలు ఇంకా పెట్టలేదు. అల్లుడు నసిగాడు. "అత్తా, గుండు చేస్తే పాస్‌పోర్టు ఫోటోకీ బిడ్డకీ పోలిక ఉండదేమో. మూడు కత్తెర్లు ఇచ్చి వద్దామా? మిగతాది తర్వాత చూసుకుందాం."

"మొక్కుకున్నది మూడు కత్తెర్లా, గుండా?"

"గుండే."

"అయితే గుండే."

బుధవారం పొద్దున కొండ మీద కల్యాణకట్టలో ఉన్నాం. నా కొడుక్కి ముందురోజు ఫోన్ చేశాను, ఎత్తలేదు. క్షురకుడు కత్తికి బ్లేడు మారుస్తూ బిడ్డను చూశాడు.

"పుట్టెంట్రుకలేనా? మూడేళ్ళ బిడ్డ మాదిరి ఉండాదే."

కూతురు నా వైపు చూసింది.

"మా ఇంట్లో ఇవే పుట్టెంట్రుకలు. కానియ్ నాయనా" అన్నాను.

"మేనమామ యాడమ్మా?"

"అంగట్లో ఉండాడు."

"మరి ఒళ్ళో ఎవురు పెట్టుకుంటారు?"

"నేను."

"మేనమామ కదమ్మా పెట్టుకోవాల్సింది..."

"ఆ మేనమామను పెట్టుకున్న ఒడే ఇది. ఆయన కంటే ముందుదే. తడుపు తల."

వెనక వరసలో ఎవరో నవ్వారు. అతనూ నవ్వి నీళ్ళు పోశాడు. బిడ్డ బిగుసుకుపోయింది. దాని కుడిచెవిలో "గోవిందా అను" అన్నాను. అది ఉన్న గొంతంతా పెట్టి "గోయిందా!" అని అరిచింది. హాలులో ఉన్నవాళ్ళంతా "గోవిందా!" అన్నారు. ముందు అదిరిపడింది, తర్వాత కిలకిలా నవ్వి మళ్ళీ అరిచింది, మళ్ళీ అందరూ అన్నారు. గుండు పూర్తయ్యేదాకా అదే ఆట.

అల్లుడు భయపడినట్టే జరిగింది. కొత్త ఫోటోలో ఉన్నది, పాస్‌పోర్టులో ఉన్నది ఒకే బిడ్డ అని రుజువు చూపమని వీసా ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. మొక్కు సంగతి కూతురు రాసి పంపింది. రుజువు కావాలని మళ్ళీ అదే జవాబు. కల్యాణకట్టలో మేం ఫోటో తీసుకోలేదు. అల్లుడి సెలవు అయిపోవచ్చింది.

ఈ సంగతి ఎలా తెలిసిందో, కొడుకు ఫోన్ చేశాడు.

"చూసినావా? స్వామే అడ్డం కొట్టినాడు."

"స్వామి అడ్డం కొట్టలా. ఆయనది ఆయన తీసుకున్నాడు. అడ్డం కొట్టింది గుమాస్తా. గుమాస్తాల సంగతి నాకు చెప్పొద్దు, నేనూ గుమాస్తానే."

"ఇంకా పంతమేనా?"

"ఇంకానే."

వాడు పెట్టేశాడు. ఇంతవరకు మళ్ళీ చేయలేదు.

దారి దొరికింది ఆ చెవి దగ్గరే. బిడ్డను వేలూరు ఆస్పత్రికి తీసుకుపోయి వినికిడి పరీక్ష చేయించాం. శిశుగృహంలో ఏడాది కింద చేయించిన పరీక్ష గీత, ఇప్పటి గీత పక్కపక్కన పెట్టి పంపాం. కుడిచెవి గీత, ఎడమచెవి గీత, రెండూ పాతవాటితో సరిపోయాయి. శిశుగృహం డాక్టరు కూడా ఇదే బిడ్డ అని సంతకం పెట్టాడు. జుట్టు ఎవరికైనా మారుతుంది. అందరూ లోపమని వేలెత్తి చూపిన ఆ చెవే మారలేదు. ఐదు వారాల తర్వాత వీసా వచ్చింది. అప్పటికి దాని తల మీద నూగు నల్లగా మొలిచింది.

మూడు కత్తెర్లతో సరిపెట్టి ఉంటే ఆ ఐదు వారాలు మిగిలేవని నాకు చెప్పినవాళ్ళున్నారు. మిగిలేవి. అయినా మళ్ళీ అడిగితే గుండే అంటాను. బిడ్డకు సగం తల్లి, సగం తండ్రి, సగం అవ్వ ఉండరు, సగం మొక్కూ ఉండదు.

చైత్రంలో, శనివారం తెల్లవారుజామున మూడుంబావుకి, ముగ్గురూ బెంగళూరులో విమానం ఎక్కారు. ఇప్పుడు బిడ్డ ఫోన్‌ను కుడిచెవికి పెట్టుకుని "అవ్వా, ఆవు" అంటుంది. సెలవు దాటిందని పాత డెయిరీ తీసేస్తే అల్లుడు ఇంకో డెయిరీలో చేరాడు, జీతం కొంచెం తక్కువ.

పోయినవి ఇవి. అల్లుడి పాత ఉద్యోగం. దాంతోపాటు ఆ డెయిరీవాళ్ళు ఇచ్చిన ఇల్లు. టికెట్లు మార్చినందుకు నా రెండు బంగారు గాజులు. ఈ పెరటాసి తళిగకు నా కొడుకు ఇంటినుంచి రావాల్సినవాళ్ళు నలుగురు. వాడి మాట, ఏడు నెలలుగా. బిడ్డ పుట్టెంట్రుకలు, పిడికెడు.