ముందే పడిన ఆఖరి రీలు

నిన్న టీవీ సీరియల్లో ఎవరో తలుపు తట్టారు. తీయబోయిన ఆడమనిషి చెయ్యి గడియ మీద ఉండగానే బొమ్మ ఆగిపోయింది. మిగతాది రేపట. మా కోడలు ఆ సీరియల్ తీసినవాణ్ణి నానా మాటలూ అంది. నాకు మాత్రం గుడియాత్తం సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపిన పెద్దాయన గుర్తొచ్చారు.

చిత్తూరు ఆంధ్రలోకి పోయి, మా గుడియాత్తం మద్రాసు రాష్ట్రంలోనే మిగిలిపోయిన రోజులవి. నేను ఆ హాలు గేటు దగ్గర టికెట్లు చించేవాణ్ణి. ఆయన తమిళాయన, తెలుగు మాట్లాడేవారు గాని చదవలేరు. వేలూరు నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. అణ్ణే అని పిలిచేవాణ్ణి. మా వీధినాటకాలంటే ఆయనకు ప్రాణం. "ద్రౌపది కత తెలియనోడు ఎవుడుండాడప్పా? అయినా ఇద్దురు తెర పట్టుకోని, కింద గజ్జెల కాళ్ళు మాత్రం చూపిస్తే, జనం ఊపిరి బిగబట్టుకోని కూర్చుంటారు. హరికత దాసు సరిగ్గా బాణం వదిలే చోట పాట ఎత్తుకుంటాడు. సినిమా అట్ల కాదు. ఆఖరు తెలిసిపోతే గ్యాసు పోయిన సోడానే," అనేవారు.

నాకప్పుడు ఒక్క అక్షరం రాదు. తెలుగు నోట్లో ఉంది, కంట్లో లేదు. అయినా టీ అంగట్లో మన భాష, మన రాష్ట్రం అని అందరికన్నా గట్టిగా అరిచింది నేనే.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆట, కొత్త తెలుగు సినిమా. హంతకుడెవరో ఆఖరి రీల్లోగాని తెలియదు. చిత్తూరు నుంచి రావాల్సిన రీళ్ళ పెట్టె ఆలస్యంగా వచ్చింది, హాలు నిండా ఈలలు. చివరి నాలుగు డబ్బాల చీటీలు ఊడిపోతే, చిత్తూరులో ఎవరో తెలుగు అంకెలు వేసి కొత్తవి అంటించారు. ఇంటర్వెల్లో అణ్ణ నన్ను పైకి పిలిచి, "నీ బాసే గదప్పా, వరస పెట్టు" అన్నారు. రాదని చెప్పడానికి సిగ్గేసింది. తోచినట్టు పేర్చి దిగిపోయాను.

తెర మీద కథానాయిక అటక తలుపు దాకా వెళ్ళింది. హాల్లో దగ్గు కూడా వినబడలేదు. రీలు మారింది. హంతకుడి చేతులకు బేడీలు, వెంటనే పెళ్ళి, శుభం. "ఇంగ మేమేం చూడాలప్పా? పెండ్లి గూడా అయిపాయనే!" అని ముందు బెంచీలో ఒకాయన లేచాడు. తర్వాత కుర్చీలు విరిగాయి.

హాలు యజమాని ప్రొజెక్టర్ గదికి ఎక్కాడు. నేనూ వెనకే వెళ్ళాను. "కండ్లు యాడ పెట్టుకోనుండావయ్యా? వరస ఎవురు పెట్టింది?" అన్నాడు. అణ్ణ నా వైపు చూశారు. నేను చెబుతానని ఆగారు. నేను చేతిలో టికెట్ల కట్టకేసి చూస్తూ నిలబడ్డాను.

"నేనే సామీ," అన్నారు ఆఖరికి.

అప్పుడే ఆయన పని పోయింది. మెట్లు దిగుతూ, "పోయొస్తానప్పా" అన్నారు నాతో. ఆ మాటలో కోపం ఉంటే బాగుండేది.

యాభై దాటాక వయోజన విద్యలో చేరి, అక్షరాలకన్నా ముందు అంకెలు నేర్పమని పంతులమ్మ ప్రాణం తీశాను. అవి వచ్చాక వేలూరు వెళ్ళాను. తలుపు తీసిన ఆయన కూతురు, తండ్రిలాగే తెలుగులో, "నాయన పోయి రెండేండ్లాయె. మీరు ఏమవతారు?" అంది. కలిసి పనిచేశామని మాత్రం చెప్పి, ఆమె ఇచ్చిన కాఫీ తాగి వచ్చేశాను. వరస పెట్టింది నేనేనని అక్కడా చెప్పలేదు.

ఆ రోజు ఆయన నా మాట కోసం చూసింది గట్టిగా పది క్షణాలుండదు. ఆ మాటకు సిద్ధపడడానికి నాకు పాతికేళ్ళు పట్టింది. మనిషి ఆయుష్షు అంతసేపు ఆగదు.