బోర్లా పడుకోబెట్టిన రాళ్లు

మా నంద్యాల ఎండకు నా నీడ ఒకసారి నాకంటే ముందే ఇంటికి పోయి, కుండలో నీళ్లు తాగి, చాప మీద పడుకుంది. నేను చేరేసరికి నాకు చోటు లేదు. ఇలాంటివి చెప్పి చెప్పి నలభై ఏడేళ్లు గడిపాను. డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెప్పే ఉద్యోగాన్ని కూడా ఇలాగే నెట్టుకొచ్చాను. పిల్లలు పాఠం మరిచిపోయేవాళ్లు, కథ మరిచేవాళ్లు కాదు.

అలాంటివాణ్ణి పీహెచ్‌డీ చేద్దామని కూర్చున్నాను. యూనివర్సిటీలో ఒకే ఒక మేడం నన్ను తీసుకోవడానికి ఒప్పుకున్నారు. ఆవిడ వచ్చే వేసవికి రిటైరవుతారు. ఈలోగా నా ప్రపోజల్ కమిటీలో గట్టెక్కితే సీటు, లేకపోతే లేదు. అంతకుముందు ఇద్దరిని అడిగి చూశాను. ఒకాయన కాఫీ ఇప్పించి పంపాడు, ఇంకొకాయన అదీ ఇప్పించలేదు.

విషయం మాత్రం నాకు సిద్ధంగా ఉంది: ఆళ్లగడ్డ శిల్పుల పని, వాళ్ల నమ్మకాలు. రెండు వారాలు కూర్చుని ముప్పై పేజీలు రాశాను. మేడం ఇంటి వరండాలో చెనిక్కాయలు ఒలుస్తూ మొత్తం చదివారు. చదువుతూ నాలుగైదు చోట్ల నవ్వారు కూడా. నేను మురిసిపోయాను.

"ఏందప్పా ఇది? ఇంగా ఆళ్లగడ్డకు పోనేలేదు, అప్పుడే శిల్పుల మనసులో ఏముందో రాసేస్తివే. పెండ్లిచూపులకు పోకముందే మనవడికి పేరు పెట్టినట్లుంది."

"చదవడానికి బాగుంది కదా మేడం."

"బాగుంది. అదే నీ రోగం. ప్రపోజల్ అంటే తెలిసింది చెప్పేది కాదు. నీకు తెలీనిది ఏందో, దాన్ని తెలుసుకునేదానికి యాడికి పోతావో, ఎవుర్ని ఏమడుగుతావో చెప్పేది. నీకు తెలీనిది ఒక్కటి చెప్పు చూద్దాం."

చాలాసేపు ఆలోచించాను. నాకు తెలియనిదేదీ నాకు తట్టలేదు.

"పో. ఆళ్లగడ్డకు పో. నోరు మూసుకొని, చెవులు తెరుచుకొని రా."

ఆళ్లగడ్డలో దిగితే రోడ్డు పక్కన శిల్పాల షెడ్లు. రాతి పొడి గాల్లో తేలుతూ వేపాకుల మీద, సైకిళ్ల మీద, మనుషుల కనురెప్పల మీద వాలుతూ ఉంటుంది. కాసేపు నిలబడితే ఎవరు మనిషో ఎవరు రాయో తెలియదు. ఒక విగ్రహం దగ్గినట్టు వినిపించి తిరిగి చూస్తే, దాని వెనక కూర్చున్న మనిషి దగ్గాడు. కోత మిషన్ రొద ఆగినప్పుడల్లా ఉలి చప్పుడు పైకి తేలుతుంది, నిద్రలో ఎవరో తలుపు తడుతున్నట్టు. సగం చెక్కిన ముఖాలు రాతిలోంచి బయటికి రావాలా వద్దా అని తటపటాయిస్తున్నట్టుంటాయి. తూర్పున నల్లమల కొండలు నీలంగా, నీళ్లలో నానబెట్టినట్టు కనిపిస్తాయి. అక్కడ నాకు మధ్యాహ్నాలన్నీ ఒకే మధ్యాహ్నంలా గడిచాయి.

నాలుగోరోజు, ఒక షెడ్డు వెనక వరుసగా బోర్లా పడుకోబెట్టిన విగ్రహాలు చూశాను. వీపులు పైకి, ముఖాలు మట్టిలోకి. ఆ షెడ్డు పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. ఆయన్ను అడిగాను.

"చెక్కేటప్పుడు సగంలో చీలిక పడిన రాళ్లు సార్ అవి. పూజకు పనికిరావు."

"మరి బోర్లా ఎందుకు?"

"ముఖం పైకుంటే దారిన పోయే బస్సులన్నీ చూస్తాది. ఏ ఊరికో పోదామని ఆశ పెట్టుకుంటాది. పోలేని దానికి ఆశ పెట్టకూడదు సార్."

పొల్లుపోకుండా రాసుకున్నాను. ఈ ఒక్క మాట కోసం నలభై ఏడేళ్లు బతికానేమో అనిపించింది. తిరిగొచ్చి చెబితే మేడం కూడా ఒలుస్తున్న కాయను పక్కన పెట్టేశారు. "దీని మీదనే కట్టు ప్రపోజల్ అంతా" అన్నారు. పని, నష్టం, రాయికి కూడా మనసుందనుకునే ఆచారం. అంతా చక్కగా కుదిరింది.

కమిటీకి ఇంకా వారం ఉంది. నంద్యాలలో డీటీపీ సెంటర్ అమ్మాయి తప్పులు సరిచూస్తూ ఆ వాక్యాన్ని గట్టిగా చదివింది. "పోలేని దానికి ఆశ పెట్టకూడదు." చదివి, "ఎంత బాగా చెప్పినాడు సార్ ఆ తాత!" అంది.

నా చెవిలో ఏదో కలుక్కుమంది. ఆ మాట నడక నాకు తెలుసు. అది నాదే.

పదిహేనేళ్ల కిందట ఒక మధ్యాహ్నం నేనెక్కిన బస్సు ఆళ్లగడ్డలో చెడిపోయింది. ఇంకో బస్సు వచ్చేదాకా టీ అంగట్లో కూర్చున్నాను. చుట్టూ రాతిపనివాళ్లు. ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ఒక ఊళ్లో పగిలిన విగ్రహాలను బోర్లా పెడతారని, లేకుంటే అవి బస్సులు చూసి ఆశపడతాయని, ఒకటైతే టికెట్టు కూడా అడిగిందని చెప్పాను. టికెట్టు సంగతి రాలిపోయి, మిగిలింది ఆచారమై పడుకుంది.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? చెబితే ప్రపోజల్ పోతుంది, మేడం పోతారు, సీటు పోతుంది. సొంతంగా అల్లిన కథను శిల్పుల సంప్రదాయమని రాసినవాణ్ణి కాలేజీలోనైనా ఉండనిస్తారా? మూడోరోజు పొద్దున్నే బస్సెక్కి ఆళ్లగడ్డ వెళ్లి, పెద్దాయనకు జరిగిందంతా చెప్పాను.

ఆయన ఉలి పక్కన పెట్టి నన్ను జాలిగా చూశాడు. "నువ్వు చెప్పినావా? పోనీలే సార్. మా నాయన కాలం నుంచే బోర్లా పెడతాండాం. ఆ టీ అంగట్లో మావోళ్లే నీకు చెప్పింటారు. నువ్వు నీదనుకున్నావు."

పక్కన బియ్యంలో రాళ్లేరుతున్న ఆయన భార్య తలెత్తింది. "ఏంది నువ్వు చెప్పేది? మీ నాయన కాలంలో పగిలిన రాయిని గోడ కట్టేదానికి ఏసుకునేది. మన ఇంటి గోడలో విగ్రహం చేతులు రెండున్నాయి, చూపించేదా సారుకి?"

"నీకేం తెల్సే? నువ్వొచ్చింది తర్వాత."

"నేనొచ్చినాకే ఆ గోడ కట్టింది. నెత్తిన మట్టి మోసింది నేను!"

వాళ్లు అలా వాదించుకుంటూనే ఉన్నారు. నేను బోర్లా పడుకున్న ఆ వీపుల మధ్య నిలబడ్డాను. ఇంతకాలం నా కథలకు నేనే తండ్రినన్న ధీమాతో బతికాను. ఇప్పుడు నా ఎండ, నా నీడ, నా బస్సు, ఏది నాదో ఏది ఎవరిదో తెలియకుండా పోయింది. భయమేసింది. ఎందుకో హాయిగా కూడా ఉంది.

సాయంత్రానికి మేడం ముందు కూర్చుని మొత్తం ఒప్పేసుకున్నాను. ఆవిడ పొలమారేదాకా నవ్వారు. తర్వాత నీళ్లు తాగి, "తెలీనిది ఒకటి దొరికింది కదప్పా నీకు. తొందరగా రాసుకో, పో" అన్నారు.

ముప్పై పేజీలు పోయి తొమ్మిది మిగిలాయి. "ఈ ఆచారం ఎప్పటిదో పరిశోధకుడికి తెలియదు. దాన్ని పరిశోధకుడే పుట్టించి ఉండే అవకాశమూ ఉంది" అని రాయడానికి ఒక పూట పట్టింది. ఎవరిని అడుగుతానో రాశాను: పెద్దవాళ్లను, కూలీలను, ఆడవాళ్లను, ఒకరి ఎదుట ఒకరిని కాకుండా విడివిడిగా. ఎవరు ఎవరి దగ్గర విన్నారో పట్టిక వేస్తానన్నాను. అడిగేటప్పుడు నా కథ ముందుగా చెప్పనని కూడా రాశాను. అన్నిటికంటే కష్టమైన వాక్యం అదే.

కమిటీలో కళ్లజోడు పెద్దమనిషి ఒకాయన ఆ తొమ్మిది పేజీలనూ అటూ ఇటూ తిప్పాడు.

"ఇది మీరే పుట్టించారని తేలితే?"

"అదే రాస్తాను సార్."

"కాదని తేలితే?"

"ఇన్నేళ్లూ పక్కవాళ్ల కథను నాదని చెప్పుకున్నానని రాయాలి సార్."

"ఏది అవుతుందనుకుంటున్నారు?"

నాలుక చివర అందమైన జవాబొకటి తయారుగా ఉంది. నిగనిగలాడుతూ ఉంది. దాన్ని మింగేశాను.

"తెలియదు సార్."

ఆయన మేడం వైపు చూశాడు, ఆవిడ కిటికీ వైపు చూశారు. తర్వాత ఆయన పెన్ను మూత తీసి సంతకం పెట్టి, కాగితం పక్కాయనకు తోశాడు.

బయట మెట్ల మీద మేడం చెప్పులేసుకుంటూ అన్నారు. "ఇంగ మూడేండ్లు అబద్ధం ఆడకుండా ఉండగలవా?"

"ఎనిమిదో పేజీలో రాసిచ్చాను కదా మేడం, మూడేండ్లలో ముగిస్తానని."

"గడువు రాసే ఆ పేజీ ఒక్కటి మాత్రం అందరూ అబద్ధమే రాస్తారప్పా," అన్నారావిడ. "దాన్ని ఎవురూ అడగరులే."