కొంచెం ఎత్తించిన జీపు

ఆ రోజుల్లో రాయపూర్‌లో ప్రతిదీ లేస్తూ ఉండేది. ఊరు కొత్తగా రాజధాని అయింది కదా, స్థలాల ధరలు లేచాయి, ఇళ్ల అద్దెలు లేచాయి, నిన్నటిదాకా గేదెలు మేసిన చోట మేడలు లేచాయి. దేవేంద్ర నగర్‌లో మా పక్కింటాయన కనుబొమలు సైతం మమ్మల్ని చూసినప్పుడల్లా కాస్త పైకి లేచేవి. లేవనివి రెండే: మా నాన్నగారు, మా జీపు. నాన్నగారి విషయంలో ఎవరూ చేయగలిగిందేమీ లేదు. జీపు విషయంలో నేను చేయగలిగాను. వచ్చిన చిక్కంతా అక్కడే.

నాన్నగారు స్టేషన్‌లో బుకింగ్ క్లర్కు. పలాసలో రైలెక్కి ఈ హిందీ దేశంలో దిగారు, దిగినప్పుడున్న ఎత్తులోనే ఉండిపోయారు. ఆ సంగతి ఊళ్లో చాలామందికి తెలియదు. ఎందుకంటే టికెట్ల కిటికీ వెనక ఆయనకొక ఎత్తయిన చెక్క స్టూలు ఉండేది. దాని మీద కూర్చుంటే ఆరడుగుల మనిషిలా కనబడేవారు. వరసలో నిలబడ్డ పహిల్వాన్లు కూడా తలెత్తి "బాబూజీ" అనేవారు. డ్యూటీ అయ్యాక ఆయన బయటికొస్తే, అదే పహిల్వాన్లు ఆయన తల మీదుగా చూస్తూ బాబూజీ ఏడని వెతికేవారు.

అలాంటి మనిషికి ఒక్కటే కోరిక. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో పెద్దాఫీసరు జీపులో, ముందు సీట్లో, మోకాలు బయటికి పెట్టుకుని దర్జాగా వెళ్లడం చూశారట. రిటైరైనవాణ్ణి తోటివాళ్లు దండలేసి, డప్పులతో ఇంటిదాకా దిగబెట్టడం రైల్వేవాళ్లలో ఆనవాయితీ. ఆ రోజున తాను అలా, అదే సీట్లో, అదే మోకాలితో ఇంటికి రావాలి. అందుకోసమే ఏదో సర్కారీ వేలంలో ఒక పాత జీపు కొని పెట్టుకున్నారు.

ఆ జీపు కమానీలు (ఇరుసుకీ బండికీ మధ్య బరువు మోసే ఇనప పట్టీల కట్టలు) ముసలివైపోయి చదునుగా పడుకున్నాయి. స్పీడ్ బ్రేకర్ వస్తే చాలు, బండి పొట్ట రోడ్డుకి గీసుకునేది. రిటైర్మెంటు దగ్గర పడుతూండగా నాన్నగారు నన్ను పిలిచి, "ఒరే, దాని పొట్ట నేలకి రాస్తంది. కొంచెం ఎత్తించరా" అన్నారు. ఆ "కొంచెం" అన్న మాటని పాఠకులు గమనించాలి. నేను గమనించలేదు.

నేనప్పుడు ఒక ఇనప కంపెనీ ఆఫీసులో కొత్తగా చేరాను. రైస్ మిల్లు వాళ్లబ్బాయి ఒకడు ఒంటెలాంటి జీపు వేసుకుని రోజూ మా ఆఫీసు ముందునుంచి దుమ్ము రేపుతూ పోయేవాడు. ఆ దుమ్ములో కొంత నా బుర్రలో చేరింది. ఊరి చివర మోవాలో ఒక మెకానిక్ ఉండేవాడు, ఊరంతా ఉస్తాద్ అనేది. ఆయన దగ్గరికి బండి తీసుకెళ్లి "థోడా ఊంచా కర్నా హై" అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. "థోడా కాబర్ బాబూ? ట్రక్ కే కమానీ డార్ దేబో, హాథీ కస్ ఠాఢ్ హో జాహీ." కొంచెమెందుకు బాబూ, లారీ కమానీలు వేసేద్దాం, ఏనుగులా నిలబడుతుందని. ఏనుగు అన్న మాట దగ్గర నేను పడిపోయాను. ఏ సందేహం అడిగినా ఆయన జవాబు "హో జాహీ", అయిపోతుందని. ఆయన జాహీ అన్నప్పుడల్లా నా చేతుల్లోంచి ఏదో ఒకటి జారేది. నా కొత్త ఉద్యోగపు కమాయీ అంతా ఆ కమానీల్లోకే పోయింది.

రిటైర్మెంటుకి ముందురోజు పొద్దున బండి చేతికొచ్చింది. లేచింది. మామూలుగా కాదు, పెళ్లి భోజనంలో అవమానం జరిగిన మేనమామ విస్తరి ముందునుంచి లేచినట్టు లేచింది. అందులోనూ వెనక్కంటే ముందు ఎక్కువ లేచింది. దాంతో హెడ్‌లైట్లు రోడ్డుని వదిలేసి పక్కింటి మేడమీద ఆరేసిన బట్టల్ని చూస్తున్నాయి. లారీ కమానీలకి మా జీపు బరువు ఒక లెక్కలోకే రాలేదు, కాబట్టి అవి వంగలేదు. మోవా నుంచి ఇంటికొచ్చేలోగా దారిలో ఉన్న ప్రతి గతుకునీ నా వెన్నెముకకి పేరుపేరునా పరిచయం చేశాయి.

గేటు దగ్గర అమ్మ నిలబడి ఉంది.

"ఏట్రా ఇది?"

"జీపమ్మా."

"జీపని తెలస్తందిలే. నిచ్చెనేదీ?"

నేను గ్రౌండ్ క్లియరెన్సు గురించి చెప్పబోయాను. అమ్మ విననేలేదు. "మీ నాన్న కొంచెం అన్నారు. కొంచెం అంటే ఇంతా? పప్పులో కొంచెం ఉప్పెయ్యమంటే బస్తా కుమ్మరించీస్తావేటి? దిమాగ్ ఉందా నీకు?" అని లోపలికెళ్లి, ఆ విసుగులోనే వెనక వీధి పిన్నిగారికి ఫోన్ చేసి, "మావోడు జీపు లేపీసినాడు పిన్నీ" అని వాపోయింది. మన భాషలో లేపడానికి ఇంకో అర్థం ఉందని ఆ క్షణాన ఆవిడకి తట్టలేదు. మధ్యాహ్నానికి చుట్టుపక్కల తెలుగువాళ్లంతా పరామర్శకొచ్చారు. "కుర్రతనం వదినా, బాధపడకు. పోలీసుల్దాకా ఎళ్లలేదు కదా?" అని ఒకావిడ అమ్మ చెయ్యి పట్టుకుంది. ఇంకొకాయన నన్ను పక్కకి పిలిచి, ఎక్కడిదో అక్కడే పెట్టీమని సలహా ఇచ్చాడు.

సాయంత్రం నాన్నగారొచ్చారు. మర్నాటి కోసం కుట్టించిన కొత్త ప్యాంటు వేసుకుని జీపు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. ముందు సీటు దగ్గర ఆగి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని కాలెత్తారు. కాలు సగం దారిలో ఆగిపోయింది. ప్యాంటులో ఎక్కడో ఒక కుట్టు చిన్నగా పలికింది. ఆయన కాలు దించి, ప్యాంటు దులుపుకుని, "పర్లేదురా. రేపటికి ఆటో చెప్పీ" అన్నారు.

తిట్టి ఉంటే ఎంతో బాగుండేది. అదే జీపులో, అదే వెన్నెముకతో మళ్లీ మోవా పరిగెత్తాను. దుకాణం మూసి ఉంది. ఉస్తాద్ బావమరిది పెళ్లికి ఊరెళ్లాడట. పాత కమానీలేవని పక్క టీ కొట్టువాణ్ణి అడిగితే, "ఓ తో కబాడ్ మా చల్ దిస్" అన్నాడు. పాత ఇనుములోకి పోయాయన్నమాట. మా ఊళ్లో పాత ఇనుము ఊరికే ఉండదు. ఈపాటికి ఏ కొలిమిలోనో కరిగి, ఎవరి మేడకో సలాకై లేస్తూ ఉంటాయి.

మర్నాడు మొండిగా జీపునే స్టేషన్ ముందు నిలబెట్టాను. దాని పక్కనే, నేను చెప్పకపోతే నాన్నగారే చెప్పుకున్న ఆటో. ఆయన మెడనిండా దండలతో బయటికొచ్చారు. బంతిపూలు ముక్కుదాకా ఉన్నాయి, వాటిపైన రెండు కళ్లు. ఆ కళ్లు జీపుకేసి చూడకుండా ఆటోకేసి నడిచాయి. డప్పులవాళ్లు దేనిముందు వాయించాలో తెలియక ఆపేశారు. నాకు ఉస్తాద్ మీద, రైస్ మిల్లు మీద, నా మీద ఒకేసారి ఒళ్లు మండింది.

అప్పుడు పక్క కిటికీలో కూర్చునే బెంగాలీ ఆయన, మేమంతా దాదా అనేవాళ్లం, "రుకో బాబూజీ" అని లోపలికెళ్లి ఆ చెక్క స్టూలు మోసుకొచ్చి జీపు పక్కన వేశాడు. నాన్నగారు దాన్ని చూశారు. ఆటోని వదిలి వచ్చారు. స్టూలు కింది కమ్మీ మీద కాలు పెట్టారు, పైకి లేచారు, జీపులోకి అడుగు వెయ్యడానికి బదులు ఇన్నేళ్ల అలవాటుగా గిరుక్కున తిరిగి స్టూలు మీద కూర్చున్నారు. జనం ఆయనకి ఎదురుగా, కింద, తలలెత్తి.

దాదా టికెట్ల కిటికీ ముందు వంగినట్టు వంగి, "బాబూజీ, దేవేంద్ర నగర్. ఏక్ ఫుల్" అన్నాడు.

నాన్నగారు నవ్వలేదు. "ఛుట్టా దో" అన్నారు, చిల్లర ఇవ్వమని.

జనం గొల్లుమన్నారు, ఆ నవ్వులకి డప్పులు తోడయ్యాయి. ఆయన స్టూలు మీద లేచి నిలబడి, ప్లాట్‌ఫారం నుంచి పెట్టెలోకి వేసినంత తేలిగ్గా అడుగు వేసి ముందు సీట్లో కూర్చున్నారు. మోకాలు బయటికి పెట్టుకున్నారు. (స్టూలు రైల్వేవారిది. లోపల పెట్టించారో లేదో రెండుసార్లు కనుక్కునిగానీ బండి కదలనివ్వలేదు.) ఫాఫాడీహ్ చౌక్ దగ్గర నా వైపు వంగి, రహస్యంలా, "ఒరే, అందరూ తలెత్తి చూస్తన్నార్రా" అన్నారు.

ఇంటి ముందు అమ్మ హారతి పళ్లెంతో సిద్ధంగా ఉంది. పళ్లెం ఎంతెత్తినా ఆయన మోకాలికే అందుతోంది. "దిగండి" అంది. "ఎలా దిగనే?" అన్నారు నాన్నగారు. స్టూలు స్టేషన్లో ఉంది.

అమ్మ నాకేసి చూసింది. "ఎక్కించడం వరకే ఆలోసించినావన్నమాట" అని లోపలికెళ్లి, ఖాళీ బియ్యం డబ్బా తెచ్చి బోర్లించింది. నాన్నగారు దాని మీదకి దిగుతూంటే నిన్న పలికిన కుట్టు ఈసారి పాట మొత్తం పాడింది. డప్పులవాళ్లు మర్యాదస్థులు, సరిగ్గా అప్పుడే గట్టిగా వాయించారు.

ఆ జీపు ఇంకా మా ఇంట్లోనే ఉంది, అదే ఎత్తులో. మోకాలు మాత్రం ఇప్పుడు నాది. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు, కాబట్టి వెనక సీట్లో ఒక ప్లాస్టిక్ స్టూలు ఎప్పుడూ ఉంటుంది. ఎక్కడానికని వేసుకుని, ముందు దాని మీదే కాసేపు కూర్చుంటాను. మా అమ్మాయి స్టీరింగ్ వెనకనుంచి "నాన్నా, ఎక్కుతున్నావా, టికెట్లు ఇస్తున్నావా?" అని విసుక్కుంటుంది. "కొంచెం ఆగమ్మా" అంటాను. కొంచెం అంటే ఎంతో నన్నడిగితే నాకిప్పటికీ తెలియదు.