హులిగమ్మ మొక్కు

ఆదోనిలో పత్తిమిల్లు కూలి హులిగమ్మ కనుబొమలు దూది పట్టి ఎప్పుడూ తెల్లగానే ఉంటాయి. గంప మోస్తున్నా, దగ్గుతున్నా చూపు మాత్రం మిషను బెల్టు పక్కన గింజలెత్తే కూతురు సిద్దమ్మ మీదే. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు చెప్పకుండా వచ్చే కాలంలో ఆ బెల్టుకు ఇనుప తడిక అడ్డం ఉండేది. ఇప్పుడాయన ముందే కబురంపి వస్తాడు, ఆఫీసులో కాఫీ తాగి పోతాడు. తడిక గోడవార తుప్పు పడుతోంది. పోయినేడు బెల్టు ఒకామె జడ లాగేసింది. మనిషి దక్కలేదు. ఆ వారమే హులిగమ్మ కూతురికి ఉరుకుంద ఈరన్న గుడి దగ్గర గుండు చేయించింది. మొన్న ఇన్‌స్పెక్టరు జీపుకు ఎదురురికింది. "సామీ, లోపలికొచ్చి ఒక్కతూరి ఆ బెల్టు సూడప్పా!" మేస్త్రీ ఆమెను పక్కకు ఈడ్చేశాడు, జీపు సాగిపోయింది. ఆ సాయంత్రం సిద్దమ్మ తల నిమిరితే మళ్లీ పెరిగిన వెంట్రుకలు వేళ్లకు చిక్కాయి. తెల్లారి తల్లీకూతుళ్లు ఎప్పటిలాగే ఉరుకుంద చేరారు.

"పెండ్లి కావాల్సిన పిల్లకు ఇన్ని గుండ్లేందక్కా? మొక్కు ఇంకా తీరలేదా?" కత్తి నూరుతూ అడిగాడు గుడి దగ్గర గుండ్లు చేసే ఉచ్చీరప్ప.

సిద్దమ్మ తల వంచుకుంది. ఆ తలను రెండు చేతులా పట్టుకుని హులిగమ్మ అంది: "దినామూ మాపుసారి పిల్ల ఇల్లు సేరితే తీరినట్టేన్నా. తెల్లారితే మళ్లా మొక్కుకోవల్ల."