ఉగ్గుగిన్నెలో పాలు

1957లో హుస్నాబాద్ సాలెవాడలో చంద్రవ్వకు తొలికాన్పులో ఆడపిల్ల పుట్టింది. పై పెదవి ముక్కుదాకా చీలి ఉంది. అంగిలిలోనూ చీలికే. గ్రహణం మొర్రి అన్నారు.

"గ్రహణం నాడు కత్తిపీట పట్టకే అంటె ఇన్నవా?" అని అత్త సత్తమ్మ గోడవైపు తిరిగి ఏడ్చింది. చంద్రవ్వ ఆ రోజు కత్తిపీట ముట్టనేలేదు. చెప్పినా నమ్మేవాళ్లు లేరు.

రొమ్ముకు పెడితే పిల్లకు పట్టు దొరికేది కాదు. ఆకలికి గుక్కపట్టి ఏడ్చేది. ఆ ఏడుపుకే చంద్రవ్వ రైక తడిసిపోయేది. నాలుగో రోజు మగడు అంబదాస్ మగ్గం దిగి వెళ్లి మంత్రసాని రిబ్కమ్మను తీసుకొచ్చాడు. మిషన్ దవాఖానలో కొన్నేళ్లు ఆయాగా చేసిన మనిషి ఆమె.

"రొమ్మును గిట్ల ఎనుకకు ఒత్తి, మెల్లగ ముందటికి తే. పిల్లను పండవెట్టి పాలు పొయ్యకు, పొలమారుతది. నిలువుగ పట్టుకొని చెంపదిక్కు పొయ్యి," అని చేసి చూపించింది.

అప్పట్నుంచి చంద్రవ్వకు అదే పని. పిండటం, ఉగ్గుగిన్నెతో చుక్క చుక్క పోయటం. సగం పాలు ముక్కులోంచి తిరిగొచ్చేవి. ఒకసారి పట్టడం అయ్యేసరికి పిల్లకు మళ్లీ ఆకలయ్యేది. రెండో నెల దాటేసరికి వేళ్లు నొప్పెట్టేలా పిండినా గిన్నె సగం కూడా నిండలేదు.

"చేతికి ఎన్నొస్తయే? పిల్ల గుంజితెనే పాలూరుతయి," అంది రిబ్కమ్మ.

ఆ వారమే పక్క గల్లీలో లచ్చయ్య భార్య జ్వరంతో పోయింది. మూడు నెలల కొడుకు మిగిలాడు. రిబ్కమ్మ వాణ్ణి ఎత్తుకొచ్చి చంద్రవ్వ ఒడిలో పెట్టింది. "ఒక దిక్కు వీనికియ్యి. ఇంకో దిక్కు నీ బిడ్డకు పిండు. ఇద్దరు బతుకుతరు."

వాడు ఒక్క గుంజు గుంజాడు. ఒళ్లంతా జివ్వుమంది. రెండోవైపు పిండకముందే పాలు ధారకట్టి గిన్నెలో పడ్డాయి. చంద్రవ్వకు ఏడుపు ఆగలేదు. పక్కన బొంతమీద తన బిడ్డ కళ్లు తెరిచి చూస్తోంది. దాని సొత్తు ఎవరికో పెడుతున్నట్టనిపించి, వాడి ముఖంమీద కొంగు కప్పింది. నాలుగు రోజులకు ఆ కొంగు తనే తీసేసింది.

నాలుగు నెలల్లో ఆడపిల్ల బుగ్గలు కాస్త నిండాయి. అప్పుడు లచ్చయ్య వచ్చాడు, కొడుకును చొప్పదండిలో అక్క దగ్గర ఉంచుతానని.

"ఇంకో రెండు నెల్లు ఉంచు అన్నా, కాళ్లు మొక్కుత."

"మా అక్క సుత బాలింతనే చెల్లె. ఎన్ని దినాలని నీ మీద ఏస్త?"

అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. పిల్లవాడు ఏడుస్తూనే వెళ్లాడు. పది రోజులు గడిచేసరికి గిన్నె అడుగు కూడా తడవలేదు. మేకపాలలో నీళ్లు కలిపి పట్టారు. వానలు పడ్డాక ఒకరోజు ఆ పాలు పొలమారాయి. మూడు రోజులు ఎగశ్వాసతో కొట్టుకుని పిల్ల కన్నుమూసింది.

పాతిపెట్టి వచ్చాక రిబ్కమ్మ పలకరించడానికి వచ్చింది.

"ఆ పోరన్ని పంపకుంటె నా బిడ్డ బతుకుతుండెనా?" అని అడిగింది చంద్రవ్వ.

"తెల్వదు బిడ్డా," అంది రిబ్కమ్మ.

పిల్లకు ఎవరూ పేరు పెట్టలేదు. నలుగురిని పిలిస్తే మూతి చూస్తారని సత్తమ్మ వాయిదా వేస్తూ వచ్చింది. ఇప్పుడు గడపమీద కూర్చుని, ఎవరూ అడక్కుండానే, "రాజవ్వ అని పిలుద్దామనుకున్న. మా అవ్వ పేరు," అంది.